రెండు దెబ్బలు, రెండు శిక్షలు: ఒక హాకీ మ్యాచ్ కేస్ స్టడీ

ఈ కేసులో గాయపడ్డవాళ్లు ఇద్దరు, కొట్టినవాళ్లు ఇద్దరు. నలుగురూ పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలు. అందుకే పేర్లు గానీ జట్ల పేర్లు గానీ రాయడం లేదు. నేను స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుని, విశాఖలో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. సంక్రాంతి సెలవులయ్యాక ఇక్కడ జరిగిన ఒక అండర్-19 హాకీ టోర్నమెంటుకి మెడికల్ డ్యూటీ నాది. ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీలోనూ నన్నే వేశారు. ఆ రెండు పనులూ ఒకే మనిషికి అప్పగించడం తప్పని ఇప్పుడు నా అభిప్రాయం. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మట్టి గ్రౌండు. మధ్యాహ్నం మూడున్నర. జనవరి నెలే అయినా సముద్రపు ఉక్క మామూలే. పిల్లల చొక్కాలు మొదటి క్వార్టర్‌కే తడిసి ముద్దయ్యాయి.

మొదటి దెబ్బ

రెండో క్వార్టర్ సగంలో ఉంది. ఒక జట్టు ఫుల్ బ్యాక్ (గోల్‌ని కాపాడే డిఫెండర్) తన 23 మీటర్ల గీత దగ్గర బంతిని ఆపాడు. ఎదురు జట్టు సెంటర్ ఫార్వర్డ్ అతని కుడి భుజం వెనక నుంచి దూసుకొచ్చాడు. బ్యాక్ ఉన్న బలమంతా పెట్టి బాదాడు. బంతి వెళ్లిపోయింది గానీ స్టిక్ ఆగలేదు. బంతిని కొట్టాక ముందుకి సాగే ఊపులో (ఫాలో త్రూ) పైకి లేచి ఫార్వర్డ్ నోటి మీద తగిలింది.

పై పెదవి చీలింది. పైవరస ముందు పన్ను ఒకటి వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. హాకీ స్టిక్ 737 గ్రాముల దాకా బరువు ఉండొచ్చు. అంత బరువు అంత వేగంతో వచ్చి తగిలినప్పుడు దవడ విరగకపోవడం ఆ కుర్రాడి అదృష్టం. మౌత్ గార్డ్ లేదు. పిక్కలకి, చీలమండలకి, నోటికి రక్షణ వేసుకోమని ఆట నియమాలు సలహా ఇస్తాయే తప్ప తప్పనిసరి చేయవు. మన దగ్గర షిన్ గార్డ్స్ అందరూ వేసుకుంటారు. నోటి సంగతి ఎవరూ పట్టించుకోరు.

పన్ను ఊడినప్పుడు ఏం చేయాలో చాలామంది కోచ్‌లకి తెలియదు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. పన్నుని తెల్లగా కనిపించే పైభాగం దగ్గరే పట్టుకోవాలి. వేరుని వేళ్లతో తాకకూడదు, గుడ్డతో తుడవకూడదు. వేరు చుట్టూ ఒక సన్నని పొర ఉంటుంది. అది బతికుంటేనే పన్ను మళ్లీ నిలుస్తుంది. గాలికి ఆరిపోతే గంటలోపే ఆ పొర చచ్చిపోతుంది. నీళ్లలో వేసినా దానికి దెబ్బే. పాలు మాత్రం మంచివి. గేటు బయట టీ కొట్టు నుంచి చల్లటి పాల ప్యాకెట్ తెప్పించి, సగం పాలతో మట్టి పోయేలా పన్నుని కడిగి, మిగతా సగం గ్లాసులో పోసి అందులో వేశాను. అక్కడికక్కడే పన్నుని తిరిగి గూట్లో పెట్టేయడం ఇంకా మేలు, కానీ పెదవి చీలిన నొప్పికి కుర్రాడు నోరు తెరవలేకపోయాడు. నలభై నిమిషాల్లో డెంటిస్టు కుర్చీలో ఉన్నాడు. పన్ను పెట్టి, పక్క పళ్లకి సన్నని తీగతో రెండు వారాలు కట్టి ఉంచారు. ఆ లోపే రూట్ కెనాల్ కూడా మొదలైంది.

అంపైర్ నేరుగా రెడ్ కార్డ్ చూపించాడు, అంటే ఆ మ్యాచ్‌లో ఇక ఆడకూడదు. ఆ బ్యాక్ ఏడుస్తూ బయటికి నడిచాడు. నెత్తురు మరకల చొక్కాతో ఉన్న ఫార్వర్డ్ ఫొటో సాయంత్రానికల్లా ఊళ్లో హాకీ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది.

రెండో దెబ్బ

దీనికి ఫొటో లేదు, నెత్తురూ లేదు. మూడో క్వార్టర్‌లో అదే మ్యాచ్‌లో జరిగింది. ఫార్వర్డ్ జట్టుకే చెందిన రైట్ వింగర్ మీదికి పైనుంచి బంతి దిగుతోంది. గాల్లోంచి దిగే బంతిని ఆటగాడు అందుకుని, అదుపులోకి తెచ్చుకుని, నేల మీద పెట్టుకునే దాకా ఎదుటివాళ్లు 5 మీటర్ల లోపలికి రాకూడదు. వింగర్ బంతి ఆపి పక్కవాడికి తోశాడు. అప్పుడు ఎదురు జట్టు మిడ్‌ఫీల్డర్ వచ్చి, స్టిక్ రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, మోచేయి మడిచి అతని చెంపకి ఢీకొట్టాడు. వింగర్ పక్కకి పడ్డాడు. తల నేలకి తగిలింది. పది సెకన్లలో లేచి నిలబడ్డాడు.

అంపైర్ అప్పటికి బంతి వెంట వెళుతున్నాడు, అతని వెనక జరిగింది కాబట్టి పూర్తిగా చూడలేదు. గ్రీన్ కార్డ్ ఇచ్చాడు. అంటే రెండు నిమిషాలు బయట కూర్చోవడం, ఆ రెండు నిమిషాలూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడటం. అంతే.

నేను పరుగెత్తుకు వెళ్లాను. "ఏటైంది బాబూ, బాగున్నావా?" అని అడిగాను. "ఏటీ లేదు సార్, బాగున్నాను" అన్నాడు. కళ్లలోకి టార్చ్ వేసి చూశాను, మెడ పట్టుకుని చూశాను, నొప్పి లేదన్నాడు. ఆడనిచ్చాను.

ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే, అది నాది. తలకి దెబ్బ తగిలి కంకషన్ (మెదడు పనితీరు దెబ్బతినడం) అనుమానం ఉంటే ఆటగాడిని ఆ రోజుకి ఆట నుంచి తప్పించాలి. ఈ విషయంలో అంతర్జాతీయ నిపుణుల మాటలో ఏ సందిగ్ధమూ లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమై మరుసటేడు వాళ్లు ప్రచురించిన మార్గదర్శకాలు నా ఫోన్‌లోనే ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్నలు కూడా నాకు కంఠతా వచ్చు: మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం, ఇప్పుడు ఏ క్వార్టర్, చివరి గోల్ ఎవరు కొట్టారు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడారు, అందులో గెలిచారా. ఒక్కటీ అడగలేదు. "బాగున్నావా" అని అడిగితే పదిహేడేళ్ల ఆటగాడు ఏం చెబుతాడు? చేతిలో గ్లాసు, గ్లాసులో పన్ను పెట్టుకుని డెంటిస్టు దగ్గరికి వెళ్లిన కుర్రాడి సంగతేమిటో కనుక్కోవాలని నా మనసంతా ఫోన్ మీద ఉంది. నాలుగో క్వార్టర్ మొదట్లో వింగర్ తన జట్టు గోల్ వైపే రెండడుగులు నడిచి ఆగడం నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

రాత్రి తొమ్మిదికి కోచ్ ఫోన్ చేశాడు. కుర్రాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, లైటు వేస్తే కళ్లు మూసుకుంటున్నాడు. హాస్పిటల్‌కి తీసుకెళ్లి సీటీ స్కాన్ చేయించాం. స్కాన్ నార్మల్. స్కాన్ బాగుందంటే తలకి ఏమీ కాలేదని కోచ్‌లు, తల్లిదండ్రులు అనుకుంటారు. అది పొరపాటు. సీటీలో మెదడులో రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి కనిపిస్తాయి. కంకషన్ మెదడు పనితీరుకి తగిలే దెబ్బ, అది స్కాన్‌లో కనిపించదు. మర్నాడు పొద్దున్న స్కాట్-6 అనే కంకషన్ పరీక్ష పద్ధతిగా చేశాను. 22 లక్షణాల జాబితాలో 13 ఉన్నాయన్నాడు. పది మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడిగితే మూడే గుర్తొచ్చాయి. ఒక పాదం ముందు ఒకటి పెట్టి గీత మీద నడవమంటే తూలాడు.

కమిటీ

సోమవారం సాయంత్రం కూర్చున్నాం. నేను, టోర్నమెంటు నిర్వాహకుల్లో ఒకరు, రిటైరైన ఒక పీఈటీ మాస్టారు. నిర్వాహకుడు ముందే తీర్మానం రాసుకొచ్చారు: బ్యాక్‌ని ఏడాది పాటు నిషేధించాలి. మిడ్‌ఫీల్డర్ పేరు ఆ కాగితంలో లేనే లేదు.

"నెత్తురు కళ్లజూశాడు గదా డాక్టరుగారూ. ఊరంతా ఫొటో చూసింది. చిన్న శిక్ష వేస్తే మనల్ని ఏమంటారు?" అన్నారాయన.

ఏడాది అంటే ఆ కుర్రాడికి ఏమిటో లెక్క వేశాను. అతను ఇంటర్ ఫస్టియర్. వచ్చే సీజనంతా పోతుంది, ఆ తర్వాత ఇంటర్ రెండేళ్లలో మిగిలే కాలం కొంచెమే. డిగ్రీలో స్పోర్ట్స్ కోటా సీటుకి కావాల్సిన సర్టిఫికెట్లు వచ్చేది ఆ రెండేళ్లలోనే. వాళ్ల నాన్న గాజువాకలో వెల్డింగ్ పని చేస్తాడు. ఏడాది నిషేధం అంటే ఆ ఇంట్లో హాకీ అయిపోయినట్టే. అంత పెద్ద శిక్ష వేసే ముందు అతను చేసిందేమిటో చూడాలి కదా. మేం చూస్తున్నది అతను చేసింది కాదు, ఎదుటివాడికి జరిగింది. స్టిక్ ఇంకాస్త కింద నుంచి పోయి ఉంటే భుజానికి తగిలేది, నొప్పి తగ్గాక ఇద్దరూ ఆడుకునేవాళ్లు, కమిటీయే ఉండేది కాదు. పని ఒకటే, ఫలితాలు రెండు. శిక్ష పనికి వేయాలి.

మాస్టారు పారిస్ ఒలింపిక్స్ సంగతి ఎత్తారు. 2024 ఆగస్టు 4న గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్, 17వ నిమిషంలో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్ స్టిక్ బ్రిటన్ ఆటగాడు విల్ కాల్నన్ తలకి తగిలింది. రెడ్ కార్డ్ పడింది. మన జట్టు నలభై నిమిషాలకు పైగా పదిమందితో ఆడి 1-1తో నిలిచి షూటౌట్‌లో 4-2తో గెలిచింది. తర్వాత అంతర్జాతీయ సమాఖ్య అతనిపై ఒక మ్యాచ్ నిషేధం వేసింది, హాకీ ఇండియా అప్పీలు చేసినా ఒప్పుకోలేదు. జర్మనీతో సెమీస్ అతను లేకుండా ఆడి 2-3తో ఓడిపోయాం. ఆ రెడ్ కార్డ్ అన్యాయమని నేనూ ఆ రాత్రి టీవీ ముందు అరిచినవాణ్ణే. కానీ ఒకటి గమనించాలి. కావాలని చేశాడా లేదా అన్న వాదన ఎంత నడిచినా, ఒలింపిక్స్ స్థాయిలో అలాంటి దెబ్బకి మ్యాచ్ తర్వాత పడిన శిక్ష ఒక్క మ్యాచ్. మనం పదహారేళ్ల పిల్లాడికి ఏడాది వేద్దామంటున్నాం.

గ్యాలరీ వైపు నుంచి ఇద్దరు తల్లిదండ్రులు తీసిన ఫోన్ వీడియోలు దొరికాయి. రెండు దెబ్బల్నీ ఒక్కో ఫ్రేమ్ ఆపి చూశాం. కళ్లు ఎక్కడున్నాయి, ఎదుటివాడు ఉన్నాడని తెలిసే వీలుందా, ఇంకోలా ఆడే దారి ఉందా, బంతి ఎంత దూరంలో ఉంది, ఇంతకుముందు ఇలాంటివి చేశాడా. ఒక్కొక్కరి గురించి ఇవే ప్రశ్నలు అడిగాం.

బ్యాక్ కళ్లు మొదటి నుంచి చివరిదాకా బంతి మీదే ఉన్నాయి. అంతవరకే చూస్తే వదిలేద్దామనిపించింది. కానీ వీడియో సౌండు పెంచితే గోల్‌కీపర్ అరుపు వినిపించింది: "వెనకున్నాడ్రా, వెనకున్నాడ్రా!" రెండుసార్లు. అది విన్నాక కూడా స్టిక్ అంత పైకెత్తాడు. స్టిక్ ఎత్తకుండా బంతిని పక్కకి తోయడానికి (పుష్) ఖాళీగా సొంత ఆటగాడు ఉన్నాడు. స్టిక్‌ని ప్రమాదకరంగా వాడకూడదని నియమం ఉన్నది ఇలాంటప్పటికే. ఇది నిర్లక్ష్యం. కసి కాదు. రెడ్ కార్డ్ సరైనదే.

మిడ్‌ఫీల్డర్ కళ్లు బంతి మీద లేనే లేవు. వింగర్ బంతి వదిలాక కూడా మూడడుగులు వేసి వచ్చాడు. మోచేయి ముందే మడిచి ఉంది. అంతకుముందు మ్యాచ్‌లో ఒక ఆటగాణ్ణి తోసినందుకు గ్రీన్ కార్డ్ తిని ఉన్నాడు. అతణ్ణి కోచ్ సమక్షంలో పిలిచి వీడియో చూపించాం. మొదట "బంతి కోసమే వెళ్లాను సార్" అన్నాడు. రెండోసారి చూపించాక తల దించుకుని, "ఫస్టాఫ్‌లో మా అమ్మని తిట్టాడు సార్" అన్నాడు. ఆ మాట నిజమే అయ్యుండొచ్చు. తిట్టినవాడికి అంపైర్ కార్డ్ ఇస్తాడు, చెంపకి మోచేయి సమాధానం కాదు.

ఇక్కడ అతని కోచ్ లేవనెత్తిన అభ్యంతరం గట్టిది, తేలిగ్గా కొట్టేయలేనిది. "అంపైర్ చూసి గ్రీన్ కార్డ్ ఇచ్చాడు. ఒకే తప్పుకి రెండో శిక్ష ఎలా వేస్తారు?" అని అడిగాడు. మా టోర్నమెంటు నిబంధనల్లో, అంపైర్ పూర్తిగా చూడలేకపోయిన ప్రమాదకర ఆటని కమిటీ తర్వాత పరిశీలించవచ్చని ఒక లైను ఉంది. అది మ్యాచ్‌లకి ముందే అన్ని జట్లకీ ఇచ్చారు, ఆ కోచ్ సంతకం కూడా ఉంది. ఆ లైను లేకపోతే నేను కూడా చేతులెత్తేసేవాణ్ణి. నియమం ముందు ఉండాలి, శిక్ష తర్వాత.

మంచు మీద ఆడే ఐస్ హాకీలో ఈ సంగతి బాగా కనిపిస్తుంది. అది వేరే ఆట, అక్కడ ఒంటితో ఢీకొట్టడం ఆటలో భాగం. 2010 మార్చి 7న ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌లో మాట్ కుక్ అనే ఆటగాడు మార్క్ సావార్డ్ కంటికి కనపడని వైపు నుంచి వచ్చి తలకి భుజంతో ఢీకొట్టాడు. సావార్డ్‌కి తీవ్రమైన కంకషన్ అయింది. కుక్‌కి ఒక్క మ్యాచ్ నిషేధం కూడా పడలేదు, ఎందుకంటే అలాంటి దెబ్బని తప్పు అనే నియమం అప్పటికి లేదు. ఆ ఏడాదే తల మీద దెబ్బల గురించి 48వ నియమం తెచ్చారు. సావార్డ్ రెండు నెలలకే తిరిగి ఆడాడు. 2011 జనవరిలో మళ్లీ దెబ్బ తగిలింది, ఆ మ్యాచ్‌తో అతని ఆట ముగిసింది. వింగర్ స్కాట్-6 కాగితం చేతిలో పట్టుకుని ఈ కథ చెబుతున్నప్పుడు నా గొంతు వణికింది. నేను ఆ కుర్రాణ్ణి అదే రోజు తిరిగి ఆడించాను మరి.

ఎన్‌హెచ్‌ఎల్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడ ఆటగాళ్ల భద్రతా విభాగం నిషేధం వేసినప్పుడు, ఎందుకు వేశారో వీడియోతో సహా అందరికీ వివరిస్తుంది. ఎదుటివాడికి గాయమైందా అన్నది వాళ్లు చూసే అంశాల్లో ఒకటి. పాత తప్పులు ఉన్నాయా అన్నది ఇంకొకటి. గాయాన్ని అసలు లెక్కలోకి తీసుకోవద్దని నేనూ అనను. తప్పు ఏ స్థాయిదో ముందు తేల్చాలి, ఆ తర్వాత గాయం దాన్ని కొంచెం అటూ ఇటూ జరపొచ్చు. గాయంతోనే మొదలుపెడితే రెండో దెబ్బ కమిటీ కాగితం మీదికే రాదు. మా దగ్గర జరిగింది సరిగ్గా అదే.

నిర్వాహకుడు ఇంకో మాట అన్నారు: "దెబ్బ తగిలినవాడు కోలుకునే దాకా కొట్టినవాడు కూడా బయటే ఉండాలి." వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. వైద్యం చేసేవాడిగా నాకు ఇది భయం పుట్టించే మాట. నేను "ఇంకో వారం ఆగు" అన్న ప్రతిసారీ ఒక కుర్రాడి శిక్ష వారం పెరుగుతుంది. నాకు ఫోన్లు వస్తాయి. గాయపడ్డవాడి మీద కూడా ఒత్తిడి వస్తుంది, ఇంకా నొప్పి ఉందని చెప్పమని ఒకరు, తగ్గిపోయిందని చెప్పమని ఇంకొకరు. ఎప్పుడు ఆడాలన్నది మెదడుని చూసి తేల్చాలి. ఎన్ని మ్యాచ్‌లు బయట ఉండాలన్నది చేసిన పనిని చూసి తేల్చాలి. డాక్టరు సంతకం ఈ రెండింటికీ ముడి వేయకూడదు. డ్యూటీ డాక్టరో ఫిజియోనో కమిటీలో ఉండకూడదని నేను అనడం కూడా ఇందుకే.

శిక్షని రోజుల్లో కాకుండా మ్యాచ్‌ల్లో లెక్కపెట్టాలని కూడా గట్టిగా పట్టుబట్టాను. మన దగ్గర టోర్నమెంట్లు ఏడాది పొడుగునా ఉండవు. మూడు నెలల నిషేధం వేస్తే ఒకడికి ఒక్క మ్యాచ్ కూడా పోదు, ఇంకొకడికి సీజనే పోతుంది.

చివరికి రాసింది ఇది. బ్యాక్‌కి రెడ్ కార్డ్ కాక ఇంకొక మ్యాచ్. మిడ్‌ఫీల్డర్‌కి నాలుగు మ్యాచ్‌లు, అందులో ఈ టోర్నమెంటులో మిగిలినవి రెండు, మిగతా రెండు ఇదే నిర్వాహకులు జరిపే తర్వాతి టోర్నమెంటులో. కారణాలన్నీ పేజీన్నర తెలుగులో రాసి రెండు జట్లకీ ఇచ్చాం. అప్పీలుకి రెండు రోజుల గడువు. మాస్టారు బ్యాక్‌కి రెండు మ్యాచ్‌లు ఉండాలన్నారు. ఆయన అభిప్రాయం కూడా అందులోనే రాశాం.

ఫార్వర్డ్ వాళ్లమ్మ ఆ కాగితం చదివి నా దగ్గరికి వచ్చింది. "ఒక్క మ్యాచేనా సార్? మా బాబు పన్ను జీవితాంతం ఇలాగే కదా" అంది. ఆవిడ కోపంలో ఒక్క పిసరు తప్పు లేదు. ఆ కుటుంబానికి న్యాయం జరగాల్సింది ఇంకో కుర్రాడి ఏడాది లాక్కోవడం ద్వారా కాదు, చికిత్స ఖర్చు వాళ్ల నెత్తిన పడకుండా చూడటం ద్వారా. పంటి ఖర్చు మొత్తం ఎంట్రీ ఫీజుల్లోంచి భరించడానికి నిర్వాహకులు ఒప్పుకున్నారు. ఆవిడ సంతోషించిందని చెప్పలేను.

తర్వాత

వింగర్‌కి మొదటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ బాగా తగ్గించడం. అలాగని చీకటి గదిలో పడుకోబెట్టలేదు, ఆ పాత పద్ధతి ఇప్పుడు చెప్పడం లేదు. మూడో రోజు నుంచి బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరీన్ మ్యూజియం దాకా వాళ్ల నాన్నతో నడక. ఇంటర్ సెకండియర్, ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయని ఇంట్లో ఒకటే టెన్షన్. ముందు చదువు, తర్వాతే ఆట అని చెప్పాను. అరగంట చదివితే తలనొప్పి వచ్చేది. పదో రోజుకి గంటన్నర కూర్చోగలిగాడు. ఆటలోకి తిరిగి రావడం ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. ఎదుటివాళ్లతో తగిలే ప్రాక్టీసుకి ముందు లక్షణాలన్నీ పూర్తిగా పోవాలి, డాక్టరు అనుమతి ఉండాలి. నాలుగో మెట్టు దగ్గర తల బరువుగా ఉందన్నాడు, వెనక్కి తెచ్చాను. ఇరవై ఆరో రోజున పూర్తి ప్రాక్టీసుకి దిగాడు.

బ్యాక్ తన మ్యాచ్ నిషేధం అయిపోయాక ఆడాడు గానీ హిట్ కొట్టడం మానేశాడు. బంతి ఎక్కడున్నా పుష్షే. వాళ్ల కోచ్ అడిగితే, కొట్టే ముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసే అలవాటు నేర్పడానికి వారానికి రెండుసార్లు వెళుతున్నాను. ఇంకా కుదరలేదు.

నా కిట్‌లో ఇప్పుడు, తలకి దెబ్బ తగిలినవాణ్ణి అడగాల్సిన ఆ ఐదు ప్రశ్నలూ తెలుగులో రాసి లామినేట్ చేసిన కార్డు ఉంటుంది. జేబులోంచి తీసి చూసి చదువుతాను.

పోయిన వారం వింగర్ క్లినిక్‌కి వచ్చి వీడియో చూపించమన్నాడు. మూడో క్వార్టర్ అతనికి ఇప్పటికీ గుర్తు లేదు. చూపించాను. తను పడటం, లేవడం, నేను పరుగెత్తుకు రావడం అన్నీ చూశాడు.

"తర్వాత నేను ఆడానా సార్?" అని అడిగాడు.

"ఆడావు బాబూ. నేనే ఆడనిచ్చాను" అన్నాను.